నేరేడని రాయి

గున్నయ్యా,
నువ్వు పోయిన నెలా పది రోజులకి
నీ ఇసకగది తాళం తీసాం.
సముద్రపుగాలికి ఊళ్లో ప్రతి తాళమూ తుప్పు పడుతుంది,
నీది పట్టలేదు.
ఆసుపత్రికెళ్లే ముందు కొబ్బరినూనె రాసుంటావు.

ముప్ఫై ఏళ్లు ఓడల్లో స్టీవార్డువి.
దొరలు వదిలేసిన సీసాల అడుగున
మిగిలిన గుక్కెడుతో నేర్చిన చదువు నీది.
రిటైరై బారువ దిగినప్పుడు
ఊరంతా బంగారం తెచ్చావనుకుంది.
ట్రంకుపెట్టెల్లో, లుంగీల మధ్య
అన్నీ సీసాలే.
పెరటిగదిలో నడుంలోతు గొయ్యి తవ్వి, ఇసక నింపి,
వాటిని పడుకోబెట్టి
రోజూ పొద్దుగూకే వేళ నీళ్లు చిలకరించేవాడివి.
"నన్నెప్పుడైనా ఇలాగ సూసినాడేటి?" అనేది చంద్రావతమ్మ.

నెలకో రెండో ఆదివారం, అయిదుగురం.
కెమిస్ట్రీ మేష్టారు ఢిల్లేశ్వరరావు,
రైల్వే గార్డు బెహరా,
పలాస నుంచి జీడిబట్టీ దుర్యోధన
(విరిగిన బద్దలైనా సరే, పప్పు పొట్లం లేకుండా రాడు),
నువ్వు, పోస్టాఫీసు మూసి నేను.
దస్తూరీ బాగుందని నోటుబుక్కు నాకిచ్చారు.
మేష్టారు లేబులు మీది పళ్ల పేర్లు చదవబోతే
"ఆ పళ్లు మీ తాత సూసాడా, మా తాత సూసాడా?
నేరేడని రాయి.
ఇది జీడిపండు ఒగరు. ఇది తడిసిన వల.
ఇదేటి... గోనెసంచిలో మాగిన పనస."
అలా ఫ్రాన్సు దేశాన్ని పట్టుకొచ్చి
ఉద్దానంలో దింపేసావు.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు.
తలో సీసా తేవాలనుకున్న నెల
బెహరా గోవాది తెచ్చాడు, దుర్యోధన ఇటలీది.
బరంపురంలో మూడొందలకి కొన్న నా సీసా
గుడ్డసంచిలోనే ఉంచి, సంచిని కాళ్లకింద దాచి
కూచున్నాను.
నువ్వు వంగి అందుకున్నావు.
"ఇది ఇప్పుడు తాగీది కాదెహె, ఎదగాల" అని
చంకలో ఇరికించుకుని లోపలికెళ్లిపోయావు.
నా పరువు కాచావు, అంతే.
పారబోసుంటావనే అనుకున్నాను, ఇన్నేళ్లూ.

తిత్లీ వచ్చిన అక్టోబరు.
తెల్లారేసరికి కొబ్బరితోటలన్నీ ఒకే వైపు తలపెట్టి
పడుకున్నాయి.
కర్నూలు నుంచొచ్చిన లైన్‌మెన్లు పద్దెనిమిది మంది
బడి వరండాలో, తడిబట్టల్లో.
అన్నం, ఎండునెత్తళ్ల కూర వండించి
నువ్వు ఇసక తవ్వడం మొదలెట్టావు.
ఎవరి పెళ్లికీ తియ్యవని మేం ఆశ వదులుకున్న
ఆ పోర్చుగల్ సీసా,
నాకన్నా రెండేళ్లు పెద్దది,
స్టీలు గ్లాసుల్లో పోసావు.
ఒక కుర్రాడు మొహం చిట్లించి
"చింతపులుసు మాదిరుంది అన్నా" అన్నాడు.
మేష్టారికి నిజంగా కళ్లనీళ్లొచ్చాయి.
నువ్వు తొడ చరిచి నవ్వావు:
"రాయి, రాయి! ఇన్నాళ్లూ మనకి తట్టలేదు సూడు!"
కొవ్వొత్తి వెలుగులో రాసాను.
ఆ పేజీ ఉంది, మైనం చుక్కతో, ఆ కుర్రాడి పేరుతో.

నిన్న ఇసకలో మోచేతుల దాకా దూర్చి వెతికితే
దొరికింది ఒక్కటే.
గది నట్టనడుమ, అన్నిటికన్నా చల్లని చోట.
మెడకి వలతాడు, తాడుకి అట్టముక్క,
దానిమీద నా పేరు, ఒత్తు తప్పుతో.
నా మూడొందల సీసా.
ఖరీదైనవన్నీ ఊరికి పోసేసి
దీన్నా గున్నయ్యా, దాచావు?

తీసాం. బెండు పొడై రాలింది.
గ్లాసులు నాలుగే పెట్టాను,
అయిదోది పెడితే సినిమాలా ఉంటుందని.
తలో గుక్క.
దుర్యోధన పప్పు నములుతున్న చప్పుడు.
పులిసిపోయింది.
మరీ ఘోరంగా పులిసిపోయింది.
నేరేడని రాద్దామని కలం మూత తీసాను గానీ
అబద్ధం రాస్తే నువ్వూరుకోవు.
"వెనిగర్" అని రాసాను.
బాగుందనే దస్తూరీ అక్కడ వంకరపోయింది.

చంద్రావతమ్మ వాసన చూసి
"పారబోయకండి, ఉల్లిపాయల్లోకి బాగుంటాది" అంది.
చంకలో ఇరికించుకుని లోపలికెళ్తూ
గుమ్మంలో ఆగి
రెండో ఆదివారం రమ్మంది,
ఉల్లిపాయలకి.